సంక్రాంతికి ముగ్గుల ఆట: ఎక్కడ మొదలుపెట్టాలి?

నరసరావుపేట నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె చెప్పిన సంగతులు క్లుప్తంగా ఇవీ.

వయసు 31. బీకాం చదివి గుంటూరులో ఒక సంస్థలో అకౌంట్స్ చూసేవారు. పాప పుట్టాక మానేశారు. పాప బడికి వెళ్ళడం మొదలయ్యాక యూట్యూబ్ పాఠాలు చూస్తూ ఫోన్ గేమ్స్ తయారుచేయడం నేర్చుకుంటున్నారు. చిన్నప్పుడు ధనుర్మాసమంతా వాళ్ళమ్మగారితో కలిసి వాకిట్లో ముగ్గులు పెట్టిన అలవాటు ఉండడంతో మొదటి ఆట ముగ్గుల మీదే చేయాలనుకున్నారు. తెర మీద చుక్కలు, వాటి మధ్య లేత గీతలు ఉంటాయి. వేలు ఎత్తకుండా, ఒకసారి గీసిన గీత మీద మళ్ళీ గీయకుండా ముగ్గు మొత్తం పూర్తిచేయాలి. ఇదీ ఆట.

ప్లాన్ కోసం నోట్‌బుక్‌లో 40 పేజీలు రాసుకున్నారు. 200 లెవెల్స్, ఒక పల్లెటూరి అమ్మాయి కథ, నాణేలు, రోజూ ఒక బహుమతి, ఆన్‌లైన్ పోటీ, మూడు భాషలు. ఇప్పటికి 12 లెవెల్స్ పూర్తయ్యాయి. ఒక్కో లెవెల్‌లో గీతలన్నీ చేత్తో పేర్చడానికి ఒక పూట పడుతోంది. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో మొదట యూనిటీలో మొదలుపెట్టి గోడోకి మారి, మళ్ళీ యూనిటీకి వెళ్ళి, ఇప్పుడు తిరిగి గోడోలో చేస్తున్నారు. ఆ పన్నెండు లెవెల్స్ ఒకరోజు భర్త చేతికిచ్చి ఆడమన్నారు. ఆయన మొదటి రెండింటి దగ్గర తడబడి, మిగతావి చకచకా ముగించి, "మూడు గీతలు కలిసే చుక్క దగ్గర మొదలుపెడితే అయిపోతుంది కదా, బాగుంది" అని ఫోన్ పక్కన పెట్టేశారట. ఆమె మనసు చివుక్కుమంది. ఆ వారంలోనే ప్లే స్టోర్‌లో ఇలాంటి ఆటలు వరసగా కనిపించి ఇంకాస్త నీరుగారిపోయారు.

బొమ్మలు వేయడానికి భర్త స్నేహితుడి తమ్ముడు 60 వేలు అడుగుతున్నాడు. యాడ్స్ పెడితే నెలనెలా డబ్బులొస్తాయని మరిది అంటున్నాడు. సంక్రాంతి దాకా చూసి, కాకపోతే మళ్ళీ ఉద్యోగం వెతుక్కోమని భర్త అన్నారు. సంక్రాంతికి ఇంకా ఐదు నెలలుంది. "నా ప్లాన్ తప్పా? నాకే చేతకాదా? రాత్రుళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని అడిగారు. చివర్లో ఇంకో చిన్న సమస్య కూడా రాశారు: ఆటలో తెలుగు అక్షరాలు సరిగా రావడం లేదు, 'ముగ్గు' అని రాస్తే వత్తు విడిపోయి పక్కన పడుతోంది.

ఇదీ నా సమాధానం.

చేతకాదు అనుకోవడానికి మీ ఉత్తరంలో నాకు ఒక్క ఆధారమూ కనబడలేదు. వేలు చుక్క దగ్గరికి రాగానే పట్టుకోవడం, ఏ గీత వెంట కదులుతోందో గుర్తించడం, నడిచిన గీత మీద మళ్ళీ నడవనివ్వకపోవడం, ముగ్గు పూర్తయిందో లేదో సరిచూడడం... ఇవన్నీ ఎవరి సాయమూ లేకుండా ఫోన్‌లో పనిచేయించారు. అకౌంట్స్ చూసుకుంటూ వచ్చిన మనిషి ఇక్కడిదాకా రావడం చిన్న విషయం కాదండీ. చిక్కు వచ్చింది ఆట నియమం దగ్గర. అది ఎక్కడుందో మీ వారు ఒక్క మాటలో చూపించారు. మీరు బాధపడ్డారు కాబట్టి ఆ మాటలోని విలువ అప్పుడు మీ చెవికెక్కలేదు.

ఆయన మిమ్మల్ని తక్కువ చేయలేదు, పజిల్‌ను విప్పేశారు. లెయొన్‌హార్డ్ ఆయిలర్ అనే గొప్ప గణిత శాస్త్రవేత్త 1736 నాటి తన వ్యాసంలో ఇదే సంగతి చెప్పాడు. కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఏడు వంతెనలుండేవి. ఏ వంతెననూ రెండోసారి దాటకుండా ఏడూ దాటి రాగలమా అన్నది ఆ ఊరివాళ్ళ ప్రశ్న. ఆయిలర్ తేల్చింది ఇది: బొమ్మ అంతా ఒకే ముక్కగా ఉన్నప్పుడు, ప్రతి చుక్క దగ్గరా ఎన్ని గీతలు కలుస్తున్నాయో లెక్కపెట్టండి. బేసి సంఖ్యలో గీతలు కలిసే చుక్క ఒక్కటీ లేకపోతే ఎక్కడ మొదలుపెట్టినా పూర్తిచేయొచ్చు. అలాంటివి సరిగ్గా రెండుంటే, ఒకదాని దగ్గర మొదలుపెట్టి రెండోదాని దగ్గర ముగించాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే ఎవరివల్లా కాదు. కారణం కూడా తేలికే. దారి మధ్యలో వచ్చే చుక్కలోకి ఒక గీత వెంట వస్తే, ఇంకో గీత వెంట బయటికి పోవాలి. అంటే గీతలు జతలుగా ఉండాలి. జత దొరకని గీత ఉన్నచోటే మొదలుగానీ చివరగానీ కావాలి.

బడి పిల్లలు చెయ్యి ఎత్తకుండా గీసే ఇల్లు బొమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. ఒక చతురస్రం, లోపల రెండు అడ్డగీతలు, పైన కప్పు. కింది రెండు మూలల్లో మూడేసి గీతలు కలుస్తాయి, పై మూలల్లో నాలుగేసి, కప్పు కొసన రెండు. కింది మూల నుంచి మొదలుపెట్టిన పిల్లలకు బొమ్మ వస్తుంది. పై మూల నుంచి మొదలుపెట్టినవాళ్ళు సాయంత్రం దాకా చెరిపి గీస్తూ ఉంటారు. మీ వారు రెండు లెవెల్స్ ఆడి ఈ గుట్టు పట్టేశారు. ఆ తర్వాత పది లెవెల్స్‌లో ఆయన ఆలోచించాల్సిన అవసరం దాదాపు రాలేదు.

ఇప్పుడు మీ 200 లెవెల్స్ ప్లాన్‌ను ఈ కళ్ళతో చూడండి. చివరి లెవెల్‌గా 15 చుక్కలు, సందు చుక్క 8 వరకు ఉన్న పెద్ద సంక్రాంతి ముగ్గు పెట్టాలని రాశారు. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. ఆడేవాళ్ళు మాత్రం బేసి గీతల చుక్క ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి మొదలుపెడతారు. దాటితే మళ్ళీ వెనక్కి రావడానికి దారి లేని గీతను చివరికి ఉంచుకోవాలనే ఒక్క జాగ్రత్త చాలు. ముగ్గు పెద్దదయ్యేకొద్దీ ఆట పొడవు పెరుగుతుంది, కష్టం పెరగదు. ఇదే నియమం మీద 200 లెవెల్స్ చేస్తే పప్పులో నీళ్ళు పోసి పదిమందికి సరిపెట్టినట్టే ఉంటుంది. మీకు నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. చేయాల్సిన పని కొండంత ఉంది, అది చేసినా ఆట బాగుపడదని మీ మనసుకు ఎక్కడో తెలుస్తోంది.

అందుకే ఎన్ని లెవెల్స్, ఏ కథ, ఎన్ని భాషలు అనే ప్రశ్నలను ప్రస్తుతానికి పక్కన పెట్టమంటాను. ఈ నియమం ఆడేవాళ్ళకు ఎన్నిసార్లు కొత్తగా ఏదైనా తెలియజెప్పగలదు అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. మీ ముందు నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, ఉన్న నియమాన్ని అలాగే ఉంచి, దీన్ని బుర్రకు పరీక్షగా కాక, చేతికి హాయిగా ఉండే ఆటగా చేయడం. ముగ్గు పెట్టడంలో ఉన్న సుఖమూ, చిక్కు విప్పడంలో ఉండే సుఖమూ ఒకటి కావు. గీత చుక్కను చుట్టి వస్తుంటే, చివరి మెలిక కలిసినప్పుడు కలిగే తృప్తి వేరు. ఇరవై, పాతిక మంచి ముగ్గులు ఏరండి. కళ్ళాపి చల్లిన నేల రంగు, తెల్లటి పిండి గీత, పూర్తికాగానే చుట్టూ ఎర్రమట్టి అంచు, చివర్లో రంగులు నింపుకునే అవకాశం. మీ పన్నెండు లెవెల్స్‌లో చేసిన పని ఏదీ వృథా కాదు, సంక్రాంతికి తేలిగ్గా అందుతుంది. అయితే జనం దాన్ని ఒక సాయంత్రం ఆడి ముగిస్తారు. పజిల్ అని చెప్పి విడుదల చేస్తే నిరాశపడతారు కూడా. ముగ్గుల ఆట అని చెప్పి ఇస్తే ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

రెండోది, చుక్కలు ఉంచి నియమం మార్చడం. నా మనసు దీనివైపే మొగ్గుతోంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గీతలన్నీ గీయాలి అనే బదులు, ప్రతి చుక్కనూ సరిగ్గా ఒక్కసారి తాకాలి అని పెట్టి చూడండి. పక్క చుక్కకే వెళ్ళాలి, పైకీ కిందికీ పక్కలకే గానీ ఐమూలగా పోకూడదు. ఒక కాగితం తీసుకుని మూడు వరసల్లో మూడేసి చుక్కలు పెట్టండి. మూల చుక్క నుంచి మొదలుపెడితే తొమ్మిదీ తాకవచ్చు. నడిమి చుక్క నుంచి కూడా కుదురుతుంది. అంచు మధ్యలో ఉన్న చుక్క నుంచి మొదలుపెట్టండి. ఎలా తిరిగినా కనీసం ఒక చుక్క మిగిలిపోతుంది. చదరంగం బల్లలాగా చుక్కలకు నలుపు తెలుపు రంగులు వేస్తే కారణం కనబడుతుంది. మూలలూ నడిమిదీ కలిపి ఐదు ఒక రంగు, అంచుల మధ్యవి నాలుగు ఇంకో రంగు. ప్రతి అడుగులో రంగు మారుతుంది కాబట్టి తొమ్మిదీ తాకాలంటే ఐదున్న రంగుతోనే మొదలుపెట్టాలి.

ఇప్పుడు ఒక మూల చుక్క చెరిపేయండి. ఇందాక కుదరని అంచు మధ్య చుక్కల నుంచి ఇప్పుడు కుదురుతుంది! చూడండి, తొమ్మిది చుక్కల బొమ్మలోంచి ఒక్కటి చెరిపితే ఆడేవాళ్ళకు అప్పటిదాకా తెలిసిన సంగతి తలకిందులైంది. పజిల్‌లో ఉండాల్సిన రుచి ఇదే. గీతల ఆటకు ఆయిలర్ ఇచ్చినంత సులువైన పరీక్ష, ఎలాంటి బొమ్మకైనా పనికొచ్చేది, ఈ చుక్కల ఆటకు ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. కాబట్టి ఎవరో ఒక మాటలో మొత్తం విప్పేస్తారన్న భయం తక్కువ. వాకిట్లో తులసికోట ఉంటే ముగ్గు దాన్ని చుట్టి పోవాలి, అలాంటి అడ్డం ఒకటి పెట్టొచ్చు. వేలు కదిపితే గీత ఆగకుండా అంచు దాకా, లేదా అప్పటికే గీసిన గీత దాకా జారిపోయేలా చేయొచ్చు. అన్నీ ఒకేసారి పెట్టకండి. ఒక నియమం పూర్తిగా పిండుకున్నాకే రెండోది.

ఈ దారిలో నష్టమూ ఉంది. మీరు రాసిన కోడ్‌లో సగం మార్చాలి. పాత లెవెల్స్ పన్నెండూ పోతాయి. ఈ తరహా ఆటలు కూడా స్టోర్‌లో ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, రెండు వారాలు కాగితం మీద కుస్తీపడ్డాక కూడా కొత్త సంగతులు పుట్టకపోవచ్చు. అందుకే కోడ్ ముట్టుకోకుండా ముందు నోట్‌బుక్‌లో పది చిన్న బొమ్మలు గీయండి, ఒక్కటీ నాలుగు వరసలు దాటకుండా. ప్రతి బొమ్మ కిందా, ఇక్కడ ఆడేవాళ్ళకు కొత్తగా ఏం తెలుస్తుంది అన్నది ఒక్క వాక్యంలో రాయండి. రెండు బొమ్మల కింద ఒకే వాక్యం వస్తే ఒకటి కొట్టేయండి. పది రాశాక పదకొండో వాక్యం దానంతటదే తోస్తుంటే మీ నియమంలో బలం ఉంది. నాలుగింటికే పెన్ను ఆగిపోతే మొదటి దారికి రండి, పోయింది కొద్ది కాగితాలే.

మూడోది, ప్రస్తుతానికి సొంత ఆలోచన పక్కన పెట్టి, ఉన్న ఆటను నేర్చుకోవడం కోసం మొదటి నుంచి చివరిదాకా తయారుచేయడం. సోకోబాన్ ఇందుకు చాలా మంచిది. జపాన్‌లో హిరోయుకి ఇమబయాషి రూపొందించిన ఈ ఆట 1982లో అమ్మకానికొచ్చింది. గోదాములో పెట్టెలు నెట్టి వాటి చోట్లకు చేర్చాలి. నెట్టడమే ఉంది, లాగడం లేదు, ఒకసారికి ఒక పెట్టే. ఆ చిన్న నిబంధన వల్ల మూలలోకి నెట్టిన పెట్టె ఇక ఎప్పటికీ బయటికి రాదు. ఆట మొత్తం ఆ భయం మీదే నడుస్తుంది. దీన్ని తిరిగి తయారుచేస్తే మంచి నియమం ఎలా పనిచేస్తుందో చేతికి తెలిసొస్తుంది. పూర్తిచేసిన అనుభవమూ దక్కుతుంది. కానీ అది మీ ముగ్గుల ఆట కాదు. మీ ఉత్తరంలో అమ్మగారి గురించి రాసిన భాగం చదివాక, ఐదు నెలలు గోదాము పెట్టెలతో గడపమని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. రెండు మూడు వారాల సాధనగా చేస్తే మాత్రం మేలే.

ఏ దారి ఎంచుకున్నా గోడోలోనే ఉండండి. యూనిటీ చెడ్డదని కాదు. మీరు రెండిటి మధ్య తిరిగిన ప్రతిసారీ నెల రోజులు నేర్చుకున్నది మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. చుక్కలూ గీతలూ ఉన్న ఆటకు ఏదైనా సరిపోతుంది. గోడో ఉచితం, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ మీద వస్తుంది కాబట్టి రేపు ఆట అమ్మినా గోడో వాళ్ళకు వాటా ఇవ్వక్కర్లేదు.

లెవెల్స్ చేత్తో పేర్చడం మాత్రం ఈరోజే మానేయండి. ఒక పూటకు ఒక లెవెల్ అయితే ఒక ఆలోచన బాగాలేదని తెలిసినా పారేయడానికి మనసు రాదు. బొమ్మను అంకెల వరసలుగా రాసుకోండి. చుక్క ఉంటే 1, ఖాళీ అయితే 0, తులసికోట ఉంటే 2. తులసికోట మధ్యలో ఉన్న మూడు వరసల లెవెల్ అంటే 111, 121, 111, అంతే. ఆ మూడు వరసలు చదివి తెర మీద చుక్కలు పెట్టే కోడ్ ఒక్కసారి రాసుకుంటే, తర్వాత కొత్త లెవెల్ నిమిషంలో తయారవుతుంది, నిమిషంలో పారేయొచ్చు. పజిల్ చేసేవాళ్ళు ఉంచుకున్నవాటికన్నా ఎక్కువ పారేస్తారు, పారేయడం తేలికగా ఉండాలి.

ఇంకొకటి, వెనక్కి వెళ్ళే వీలు. మీ ఆటలో తప్పు గీత గీస్తే మొత్తం మొదటికొస్తోందని రాశారు. అలా వద్దు. వేలు తాకిన చుక్కలను వరసగా ఒక జాబితాలో దాచుకోండి. వేలు వెనక్కి కదిపితే జాబితాలో చివరిది తీసేసి గీత చెరిపేయండి. చివర్లో అతికించుకుందాంలే అనుకుంటే కోడ్ అంతా తిరగరాయాల్సి వస్తుంది కాబట్టి మొదటి నుంచే ఉండాలి. ఇది సౌకర్యం ఒక్కటే కాదు. తప్పుకు శిక్ష ఉన్నచోట జనం ప్రయోగాలు చేయరు, తెలిసిన దారే వెతుకుతారు.

ఇక మీ 40 పేజీలు. చింపకండి, బీరువాలో పెట్టండి. కథ, నాణేలు, బహుమతి, ఆన్‌లైన్ పోటీ, ఇవి ఒక్కొక్కటీ ఆటంత పని. ఆన్‌లైన్ పోటీ అయితే సర్వర్ కావాలి, ఎవరో ఒకరు దొంగ స్కోర్లు పెడతారు, దాన్ని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండాల్సింది మీరే. దాచిన ఐదక్షరాల ఇంగ్లిష్ పదాన్ని ఊహించే వర్డిల్ మీకు తెలిసే ఉంటుంది. జాష్ వార్డిల్ అనే ఇంజినీరు పదాలంటే ఇష్టపడే తన సహచరి పలక్ షా కోసం చేసిన ఆట అది. 2021 అక్టోబరులో అందరికీ తెరిచాడు, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. అందులో నాణేలు లేవు, లెవెల్స్ లేవు, రోజుకు ఒకటే పదం. ఇంగ్లిష్‌లో ఐదక్షరాల పదాలు సుమారు 12 వేలుంటే, పలక్ షా కూర్చుని తెలిసిన పదాలు ఏరి దాదాపు 2,500కు తగ్గించింది. ఆట ఆడదగ్గదిగా మారడంలో ఆ ఏరివేతకు పెద్ద పాత్ర ఉందని నా నమ్మకం. మీ ఆటలోనూ ముప్ఫై లెవెల్స్, ప్రతిదానికీ ఒక కారణం ఉంటే అది పూర్తి ఆటే.

ఇలాంటివి ముందే ఉన్నాయన్న బెంగకు కూడా అదే ఉదాహరణ పనికొస్తుంది. దాచిన మాటనో అంకెనో ఊహించి, సరైనవెన్నో చెబుతూ దగ్గరకు చేరే ఆటలు వర్డిల్‌కు ముందు ఎన్నో ఉన్నాయి. పెన్సిలూ కాగితంతో ఆడే బుల్స్ అండ్ కౌస్ చాలా పాతది. నియమం ఎవరి సొత్తూ కాదు. ఇంకొకరి లెవెల్స్‌నూ బొమ్మలనూ ఎత్తుకోకూడదు, అంతే. మీకు నచ్చిన ఐదారు ఆటలు దించుకుని ఆడండి, ఎక్కడ విసుగొచ్చిందో రాసుకోండి. వాటిలో కళ్ళాపి నేల మీద, మీ అమ్మగారికి తెలిసిన ముగ్గులతో చేసింది ఎన్నుందో అప్పుడు చెప్పండి.

60 వేలు ఇప్పుడు ఇవ్వకండి. ఆ అబ్బాయి పనితనం మీద నాకు అనుమానం లేదు. నియమం తేలకముందు బొమ్మలు వేయిస్తే, తర్వాత నియమం మార్చడానికి ఆ డబ్బే అడ్డుపడుతుంది. అయినా ముగ్గు అంటేనే చుక్కా గీతా. నేల రంగు, తెల్లని గీత, ఎర్రటి అంచు మీరే చేయగలరు. ఆట నిలబడ్డాక ఐకాన్‌కూ మొదటి తెరకూ మాత్రం అడిగి, ఆ చిన్న పనికి ధర మాట్లాడుకుంటే అతనికీ ఇబ్బంది ఉండదు.

డబ్బు విషయంలో మరిదిగారి ఉత్సాహం మంచిదే గానీ, దాని మీద ఇంటి నిర్ణయాలు పెట్టుకోకండి. యాడ్స్ ఆదాయం రావాలంటే రోజూ చాలామంది తిరిగి తిరిగి ఆడాలి. ముప్ఫై లెవెల్స్ మొదటి ఆట ఆ పని చేస్తుందని ఆశించడం కష్టం. పైగా వేలు ఎత్తకుండా గీసే ఆటలో మధ్యలో యాడ్ వస్తే ఆడేవాళ్ళు అక్కడే తీసేస్తారు. ఈ ఆట మీకు ఇచ్చేది డబ్బు రూపంలో ఉండకపోవచ్చని ముందే ఒప్పుకోండి.

అలా ఒప్పుకుంటే ఉద్యోగం ప్రశ్న కూడా తేలికవుతుంది. ఇప్పుడు మీరు రెండిటినీ ఒకదానికొకటి ముడిపెట్టారు. ఆట గెలిస్తే ఉద్యోగం అక్కర్లేదు, ఓడితే వెళ్ళాలి అని. అంత బరువు ఒక చిన్న ఆట మోయలేదు. సంక్రాంతి దాకా ఇంట్లోనే ఉండి చేస్తే సమయం దొరుకుతుంది, కానీ రోజూ గడువు గుర్తొస్తుంది. ఇప్పుడే ఉద్యోగంలో చేరితే రాత్రి ఒక గంటే మిగులుతుంది, ఆట ఉగాది దాటొచ్చు, కానీ ఇంటి ఖర్చుల భారం ఆట మీద ఉండదు. పూటకు రెండు మూడు గంటలు ఎవరికైనా జీఎస్టీ లెక్కలు చూసిపెట్టడం మధ్యేమార్గం, మీకు ఆ పని వచ్చు కూడా. ఏది కుదురుతుందో మీ ఇంటి పరిస్థితిని బట్టి మీకే బాగా తెలుస్తుంది. ఒకటి మాత్రం చేయండి: సంక్రాంతికి పూర్తయింది అంటే ఏమిటో మీ వారితో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. ముప్ఫై లెవెల్స్, వెనక్కి వెళ్ళే వీలు, తెలుగులో పేర్లు, స్టోర్‌లో విడుదల. డౌన్‌లోడ్లూ ఆదాయమూ ఆ కాగితం మీద రాయొద్దు, అవి మీ చేతిలో లేవు.

మళ్ళీ ఆయన చేతికి ఆట ఇవ్వండి. ఈసారి పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకండి. సలహా ఇవ్వకండి, బాగుందా అని అడగకండి. వేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వచ్చింది, ఎక్కడ మొహం మారింది, ఇవి రాసుకోండి. ఆయన గుట్టు ఇట్టే పట్టేసే మనిషి, అలాంటివాళ్ళు దొరకడం అదృష్టం. అమ్మగారి చేతికీ ఇవ్వండి. ముగ్గు చేయి తిరిగినవాళ్ళకు గీత ఎటు పోవాలో ముందే తెలుస్తుంది. ఆవిడ వేలు సహజంగా ఎటు పోతుందో చూసి, మీ కోడ్ అక్కడ అడ్డుపడుతుంటే దిద్దుకోండి.

ప్లే స్టోర్‌కు ఒక లెక్క ముందే వేసుకోవాలి. ఖాతా తెరవడానికి 25 డాలర్లు, ఒకేసారి కడితే చాలు. అయితే 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఒక నిబంధన ఉంది. కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు చేరి ఉండేలా ముందుగా క్లోజ్డ్ టెస్ట్, అంటే మీరు చేర్చినవాళ్ళే ఆడిచూసే పరీక్ష, నడపాలి. ఆ తర్వాతే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, గూగుల్ పరిశీలనకు ఇంకొన్ని రోజులు పడతాయి. జనవరి రెండో వారానికి ఆట బయటికి రావాలంటే నవంబరు చివరికల్లా టెస్ట్ మొదలవ్వాలి. అంటే మీ చేతిలో ఉన్నది మూడు నెలల చిల్లర. పన్నెండు మందికీ ఆండ్రాయిడ్ ఫోన్లు, జీమెయిల్ ఉండాలి. బంధువుల్లో ఎవరెవరిని అడగాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి, మధ్యలో ఒకరిద్దరు తప్పుకున్నా ఇబ్బంది లేకుండా పదిహేను, పదహారు మందిని చేర్చండి. స్టోర్ హడావిడి వద్దనుకుంటే సొంతంగా చేసిన ఆటలు పెట్టుకునే ఇచ్.ఐఓ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టొచ్చు. గోడోలో చేసిన ఆటను బ్రౌజర్‌లో ఆడేలా అక్కడ ఉంచి, లింకు వాట్సాప్‌లో పంపిస్తే సరిపోతుంది. స్టోర్‌లో ఉందని చెప్పుకునే తృప్తి మాత్రం ఉండదు, సగటు బంధువు లింకు తెరిచి ఆడేది కూడా తక్కువే.

చివరగా మీ వత్తు సమస్య. మీరు చూస్తున్న పాఠాలు గోడో 3వి అయి ఉండాలి, మీరు దించుకున్నదీ అదే అయి ఉంటుంది. అందులో అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తప్ప, వత్తులూ గుణింతాలూ కలిపి రాసే ఏర్పాటు లేదు. 2023 మార్చిలో వచ్చిన గోడో 4లో ఆ ఏర్పాటు వచ్చింది. ఎలాగూ లెవెల్స్ పద్ధతి మారుస్తున్నారు కాబట్టి పాత ప్రాజెక్టును మార్చే ప్రయత్నం చేయకుండా గోడో 4లో కొత్తగా మొదలుపెట్టండి. ఫోన్‌లో ఉన్న ఫాంట్ మీద ఆధారపడకుండా నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్‌ను ఆటలోనే చేర్చండి. మొదటి రోజే 'ముగ్గు', 'చుక్క', 'మళ్ళీ', 'పూర్తయింది' అని రాసి, కంప్యూటర్ మీద కాదు, రెండు మూడు వేర్వేరు ఫోన్లలో తెరిచి సరిచూసుకోండి.